ధర్మరాజు వదిలిన నీళ్ళు

మే నెల ఆఖరి సోమవారం మన ప్లేనోలో ఎలా గడుస్తుందో మీకు నేను చెప్పనక్కరలేదు. ఇళ్ళ ముందు గడ్డిలో చిన్న చిన్న జెండాలు వెలుస్తాయి. ఈతకొలనులు తెరుస్తారు. పరుపులు అమ్మేవాళ్ళూ, కార్లు అమ్మేవాళ్ళూ ధరలు తగ్గించామని ప్రకటనలు గుప్పిస్తారు. మనవాళ్ళం నాలుగైదు కుటుంబాలు ఎవరో ఒకరి పెరట్లో చేరి, మొక్కజొన్న పొత్తులు కాల్చుకుని, పిల్లల చదువుల గురించీ ఇళ్ళ ధరల గురించీ మాట్లాడుకుని, చీకటి పడ్డాక ఇళ్ళకు చేరతాం. ఆ రోజు సెలవు ఎందుకో మనలో చాలామందికి తెలుసు. తెలుసు గాని, దానితో మనకు పని పడదు. నాకూ ఇరవై ఏళ్ళకు పైగా పడలేదు. 2025 మే 26న పడింది.

ఆ సంగతి చెప్పి, అప్పటి నుంచి నన్ను వదలని ఒక ప్రశ్నను మీ ముందు పెట్టడానికే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను. యుద్ధంలో చనిపోయినవాడిని గౌరవించడం మన ధర్మం. యుద్ధాన్ని పొగడడం మన ధర్మం కాదు. ఈ రెంటికీ మధ్య గీత ఎక్కడ గీయాలి? నాకు తోచిన జవాబు కొంత ఉంది. మిగిలినది మీరు చెప్పాలి.

ఆ ఏడాది ఏప్రిల్ 22న పహల్గాంలో ఇరవై ఆరుగురిని కాల్చి చంపారు. మే 7న మన దేశం ఆపరేషన్ సిందూర్ మొదలుపెట్టింది. మే 10న కాల్పులు ఆగాయి. ఇక్కడి సెలవు రోజు వచ్చేసరికి రెండు వారాలు గడిచాయి గాని, మన మనసుల్లో వేడి తగ్గలేదు. ఆ కోపం అన్యాయమైనదని నేను అనను. నిరాయుధులను వాళ్ళ భార్యాపిల్లల కళ్ళెదుటే చంపితే రక్తం ఉడకనివాడు ఎవడు? పెరట్లో కూర్చున్నంతసేపూ అవే మాటలు, ఫోనుల్లో అవే బొమ్మలు. మాలో ఒకాయన, నిజానికి చాలా మంచివాడు, ఎవరింట ఆపద వచ్చినా అందరికంటే ముందు చేరేవాడు, "ఇంకో నాలుగు రోజులు ఆగకుండా కొట్టి ఉంటే పూర్తిగా తేలిపోయేది" అన్నాడు. అందరం తల ఊపాం. నేనూ ఊపాను.

ఆ ఇంటాయన తండ్రిగారు మూల కుర్చీలో కూర్చుని ఉన్నారు. మేమందరం ఆయన్ని బాబాయిగారూ అని పిలుస్తాం. పశ్చిమగోదావరి జిల్లా, తాడేపల్లిగూడెం దగ్గర మాధవరం వాళ్ళది. మొదటి ప్రపంచ యుద్ధం నాటి నుంచి మగపిల్లల్ని సైన్యానికి పంపి, మిలటరీ మాధవరం అని పేరు తెచ్చుకున్న ఊరు అది. ఆయన కూడా సైన్యంలో చేసి వచ్చినవారే. 1971లో తూర్పు సరిహద్దున ఉన్నారు. ఆయన తన పళ్ళెం పక్కన పెట్టి, "ఆ నాలుగు రోజులూ ఎవరి కొడుకు ఖాతాలో రాస్తావు బాబూ?" అన్నారు.

గొంతు పెంచలేదు. వెటకారమూ లేదు. కిరాణాకొట్టులో లెక్క అడిగినట్టు అడిగారు. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తరవాత ఎవరో పిల్లల్ని కేకేశారు, మాట మరోవైపు మళ్ళింది.

వెళ్ళేముందు బాబాయిగారు నన్ను పక్కకు పిలిచి, "ఈ జెండాలు ఎందుకని మావాణ్ణి అడిగితే, చచ్చిపోయిన సిపాయిల కోసం అన్నాడు. వాళ్ళని పాతిపెట్టిన చోటు దగ్గర్లో ఉందా? తీసుకెళ్తావా?" అని అడిగారు. మర్నాడు ఆఫీసుకు సెలవు పెట్టి, కారులో ఆయన్నీ, పదిహేడేళ్ళ మా అబ్బాయినీ ఎక్కించుకుని డాలస్‌కు నైరుతిగా ఉన్న జాతీయ సైనిక శ్మశానానికి బయలుదేరాను. మౌంటెన్ క్రీక్ చెరువు పక్కన 2000 సంవత్సరంలో తెరిచారు దాన్ని. ప్లేనో నుంచి గంట లోపు ప్రయాణం. ఇన్నేళ్ళుగా ఇక్కడ ఉంటూ ఒక్కసారీ వెళ్ళలేదు.

మీలో వెళ్ళనివారు ఒకసారి వెళ్ళండి. తెల్లటి రాళ్ళు, వరసల మీద వరసలు. ఎటునుంచి చూసినా వరస తప్పదు. ఒక్కొక్క రాయి ముందు ఒక జెండా. రాయిమీద పేరు, ఏ దళమో, ఏ యుద్ధమో, పుట్టిన తేదీ, పోయిన తేదీ. అక్కడ ఉన్నవారిలో ఎక్కువమంది యుద్ధం నుంచి ఇంటికి తిరిగివచ్చి, పెద్దవాళ్ళై పోయినవారు. భార్యాభర్తలు ఒకేచోట ఉన్నవీ ఉన్నాయి. బాబాయిగారు చెప్పులు విడిచి గడ్డిలో నిలబడ్డారు. రాళ్ళమీద ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కుని చదువుతూ, పుట్టిన ఏడు పోయిన ఏట్లోంచి తీసివేస్తూ, "ఈయన డెబ్భై తొమ్మిది... ఈయన ఎనభై నాలుగు... హమ్మయ్య" అంటూ నడిచారు. ఒకచోట ఆగిపోయారు. ఎంత అని మేం అడగలేదు. చేతులు జోడించి కొంచెంసేపు నిలబడి కదిలారు.

తిరిగి వస్తూంటే, కారులో మా అబ్బాయి ఆయన్ని అడిగాడు: "తాతగారూ, మీరు సైన్యంలో ఎందుకు చేరారు?" ఆయన నవ్వి, "మా తాత మొదటి యుద్ధంలో బస్రా వెళ్ళాడు. ఎందుకెళ్ళావని మా నాన్న అడిగితే, అన్నానికిరా అన్నాడట. నేనూ అందుకే. చేరాక మాత్రం సంగతి వేరు. పక్కవాడు ఉంటాడు గదా, వాడికోసం ఉంటాం" అన్నారు. మావాడు కాసేపు ఊరుకుని, ఈసారి నావైపు తిరిగి, "నేను చేరతానంటే నువ్వేమంటావు నాన్నా?" అన్నాడు.

మీకు దాచకుండా చెబుతాను. నా చేతులు స్టీరింగు మీద బిగుసుకున్నాయి. "ముందు చదువు సంగతి చూద్దాం" అన్నాను. ముందు రోజే పెరట్లో ఇంకో నాలుగు రోజుల యుద్ధానికి తల ఊపినవాణ్ణి నేనే. ఆ తల ఎవరి బిడ్డలమీద ఊపానో అప్పుడు తెలిసింది.

సొమ్మొకడిది సోకొకడిది అని మన పెద్దలు ఊరికే అనలేదు. జరిగిన ఆ నాలుగు రోజులకే మన తెలుగునేల ఒక బిడ్డను చెల్లించింది. శ్రీ సత్యసాయి జిల్లా గోరంట్ల మండలం కల్లితండా కుర్రవాడు మురళీ నాయక్, అగ్నివీర్‌గా సైన్యంలో చేరినవాడు, మే 9న సరిహద్దు కాల్పుల్లో చనిపోయాడు. బతుకుతెరువు కోసం ముంబయి వెళ్ళి కూలిపని చేసుకున్న తల్లిదండ్రులకు ఒక్కడే కొడుకు. అతని ఫొటో మనందరి ఫోనులకూ వచ్చింది. జోహార్లు అని రాసి, పదిమందికి పంపించాం. ఆ జోహారు అబద్ధమని అనను. కాని నన్ను నేను అడుగుకున్నాను. తండాలనుంచీ, మాధవరం లాంటి ఊళ్ళనుంచీ పిల్లలు వెళుతుంటే, మన ఇళ్ళనుంచి ఎందరు వెళ్ళారు? ఆ దేశం సైన్యానికీ పంపలేదు, ఈ దేశం సైన్యానికీ పంపలేదు. ఇక్కడ నిర్బంధ సైనిక భర్తీ 1973లో ఆగిపోయింది. పద్దెనిమిదేళ్ళు నిండిన మగపిల్లల పేర్లు, వలస వచ్చిన మనవాళ్ళ పిల్లల పేర్లతో సహా, సెలెక్టివ్ సర్వీసు జాబితాలో ఉండాలన్న చట్టం మాత్రం ఉంది. మావాడి పేరు కూడా త్వరలో ఆ జాబితాకు ఎక్కుతుంది. అదొక కాగితపు పని అని ఇన్నాళ్ళూ అనుకున్నాను.

ఇక మన భాష సంగతి చూడండి. మామూలు మనిషి చనిపోతాడు, కన్నుమూస్తాడు, పోతాడు. సిపాయి మాత్రం వీరమరణం పొందుతాడు, అమరుడవుతాడు, వీరస్వర్గం అలంకరిస్తాడు. ఈ మాటల్లో ప్రేమ ఉంది, కాదనను. కాని వాటిలో ఒక సౌకర్యం కూడా ఉంది. అమరుడంటే చావులేనివాడు. చావే లేకపోతే ఇక ఎవరు చంపించారు, ఎందుకు చంపించారు, తప్పించడానికి వీలుండేదా అన్న ప్రశ్నలు కూడా ఉండవు. గౌరవం అక్కడే మెల్లగా పొగడ్తగా మారుతుందని నాకు అనిపిస్తుంది. చనిపోయినవాడిని గౌరవించే మాట అతని చావును మనకు కనబడనివ్వాలి. కనబడకుండా కప్పేసే మాట ఎంత గొప్పదైనా అతనికి చెందదు, యుద్ధానికి చెందుతుంది.

ఈ గొడవ మనకొక్కళ్ళకే వచ్చిందనుకోకండి. మన ఊళ్ళో సెలవుగా మిగిలిన ఈ రోజు ఇలాంటి సందిగ్ధంలోనే పుట్టింది. ఈ దేశపు అంతర్యుద్ధం 1865లో ముగిసింది. ఆరు లక్షలమందికి పైగా చనిపోయారు. 1866లో మిసిసిపీ రాష్ట్రంలోని కొలంబస్ అనే ఊళ్ళో కొందరు స్త్రీలు తమవాళ్ళ సమాధులమీద పూలు పెట్టడానికి వెళ్ళి, పక్కనే దిక్కులేకుండా ఉన్న శత్రు సైనికుల సమాధులమీద కూడా పెట్టారు. 1868లో ఉత్తరాది మాజీ సైనికుల సంఘానికి నాయకుడైన జనరల్ జాన్ లోగన్ మే 30ని సమాధులు అలంకరించే రోజుగా ప్రకటించాడు. దక్షిణాదివాళ్ళు తమకు వేరే రోజులు పెట్టుకున్నారు. చచ్చినవాళ్ళమధ్య కూడా సరిహద్దు చాలాకాలం నిలిచింది. 1971 నుంచి ఈ రోజు మే ఆఖరి సోమవారానికి మారి, మూడురోజుల సెలవై కూర్చుంది.

మన పక్కనున్న డాలస్‌లోనే దీనికి రెండో ముఖం చూశాం. దక్షిణాది సేనాని రాబర్ట్ లీ గుర్రంమీద ఉన్న విగ్రహం అక్కడి పార్కులో 1936 నుంచి ఉండేది. రూజ్వెల్ట్ అధ్యక్షుడే వచ్చి ఆవిష్కరించాడు. 2017 సెప్టెంబరులో నగరపాలకులు దాన్ని తీసేశారు. అప్పుడు మనవాళ్ళలో కొందరు, "చరిత్రను చెరపడం ఎందుకు, పోయినవాళ్ళను గౌరవిస్తే తప్పేముంది" అన్నారు. నేనూ ఎటూ తేల్చుకోలేకపోయాను. ఇప్పుడు ఆలోచిస్తే ఒకటి తోస్తోంది. యుద్ధం ముగిసిన డెబ్భై ఒక్క ఏళ్ళకు లేచిన విగ్రహం అది. అప్పటికి ఏడ్చే తల్లులు ఎవరూ మిగలలేదు. కొలంబస్ స్త్రీలు పూలు పెట్టింది కొడుకుల మీద. గుర్రమెక్కించి నిలబెట్టింది సేనాని కోసం పోరాడిన పక్షాన్ని, అంటే మనుషుల్ని బానిసలుగా ఉంచుకునే హక్కుకోసం పోరాడిన పక్షాన్ని. మొదటిది సంస్మరణ. రెండోది వకాల్తా.

వాషింగ్టన్‌లో వియత్నాం యుద్ధ స్మారకం చూసినవారు మనలో చాలామంది ఉన్నారు. 1982లో కట్టారు. నమూనా గీసిన మాయా లిన్ అప్పటికి ఇరవై ఒక్క ఏళ్ళ విద్యార్థిని. నల్లరాతి గోడమీద యాభై ఎనిమిది వేలకు పైగా పేర్లు, పోయిన తేదీల వరసలో. హోదాలు లేవు. గుర్రాలు లేవు. గోడ నునుపులో చదివేవాడి ముఖం పేర్లమధ్య కనిపిస్తుంది. మొదట్లో దాన్ని అవమానమని తిట్టినవాళ్ళు ఉన్నారు. వాళ్ళ తృప్తికోసం 1984లో దగ్గరలో ముగ్గురు సైనికుల విగ్రహం కూడా పెట్టారు. కాని జనం కాగితం ఆనించి పెన్సిలుతో రుద్ది పేరు తీసుకువెళ్ళేది గోడమీదనుంచే. ఆ గోడకూ ఒక లోపం ఉంది. ఆ యుద్ధంలో లక్షల సంఖ్యలో పోయిన వియత్నాం ప్రజల్లో ఒక్కరి పేరూ దానిమీద లేదు.

ఇంతవరకు చదివి ఒక మిత్రుడు నాతో వాదానికి దిగాడు. "అసలీ సంస్మరణలన్నీ ఎర. నిన్నటివాడికి దండ వేస్తే రేపటివాడు చేరతాడు. యుద్ధం వద్దనేవాడు ఈ సభలకే వెళ్ళకూడదు" అని అతని వాదన. ఇందులో నిజం లేకపోలేదు. కాని పూర్తిగా ఒప్పుకోలేను. ఎందుకంటే మరిచిపోయిన చావు చవకైపోతుంది. పేరు తెలియని సిపాయిని ఎక్కడికైనా పంపవచ్చు, ఎవరూ లెక్క అడగరు. రెండో కారణం, సిపాయి కేవలం బలిపశువు కాడు. మన ప్లేనో నుంచే పార్లమెంటుకు వెళ్ళిన శామ్ జాన్సన్ సంగతి గుర్తుచేసుకోండి. 1966లో వియత్నాంలో ఆయన విమానం కూలింది. దాదాపు ఏడేళ్ళు హనోయిలో బందీగా ఉన్నాడు. అందులో మూడేళ్ళకు పైగా ఒంటరి గదిలో. 1973లో విడుదలై వచ్చి, 1991 నుంచి 2019 వరకు ఇక్కడివాళ్ళకు ప్రతినిధిగా ఉండి, 2020 మే నెలలో చనిపోయాడు. ఆయన రాజకీయాలతో నాకు చాలా పేచీలు ఉన్నాయి. ఆ యుద్ధం తప్పు అని నా నమ్మకం. అయినా, తోటి ఖైదీలను వదులుకోకుండా ఆ గదిలో ఆయన నిలబడిన నిబ్బరం తప్పుడు యుద్ధంలో జరిగింది గనుక తక్కువదైపోతుందా? పోదు. "పక్కవాడికోసం ఉంటాం" అని బాబాయిగారు అన్నది ఇదే. ధైర్యం మనిషిది. కారణం పంపించినవాళ్ళది. ఈ రెంటినీ ఒకే ఖాతాలో రాయడంవల్లే చిక్కంతా వస్తోంది. కారణం చెడ్డదని ధైర్యాన్ని తీసిపారేయడం ఒక పొరపాటు. ధైర్యం గొప్పదని కారణాన్ని మంచిదనడం అంతకంటే పెద్ద పొరపాటు.

మాది విశాఖపట్నం. 1971 డిసెంబరు 3 రాత్రి, 4వ తేదీ ప్రవేశించిన వేళ, మా రేవు బయట పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మునిగిపోయింది. పెద్ద చప్పుడు విని ఊరు ఉలిక్కిపడిందని మా నాన్నగారు చెప్పేవారు. మన నౌకాదళం ముంచిందని మనవాళ్ళూ, లోపలి ప్రమాదంవల్ల మునిగిందని వాళ్ళూ అంటారు. బీచిరోడ్డులో 1996లో విజయ స్మారకం కట్టారు. సాయంత్రంపూట దాని పక్కనే కూర్చుని నేను వేరుశనక్కాయలు తిన్నాను, చదువుకున్నాను. 2017లో దానిమీద సినిమా వస్తే ఈలలు వేసి చూశాం. ఆ జలాంతర్గామిలో తొంభైమందికి పైగా ఉన్నారనీ, ఒక్కరూ బతకలేదనీ, వాళ్ళు ఇప్పటికీ మా సముద్రం అడుగునే ఉన్నారనీ నాకు తెలియకపోలేదు. తెలిసి కూడా ఒక్కసారైనా వాళ్ళను మనుషులుగా తలచుకోలేదు. ఆ జలాంతర్గామి మొదట అమెరికావాళ్ళది. డయాబ్లో అనే పేరుతో 1944లో నీళ్ళలోకి దిగి, తరవాత పాకిస్తాన్‌కు వెళ్ళింది. నేను పుట్టిన ఊరి సముద్రంలో, నేను పన్ను కట్టే దేశం చేసిన ఓడలో, నేను శత్రువనుకునే దేశపు పిల్లలు పడుకుని ఉన్నారు. ఆ డిసెంబరు 9న పశ్చిమ సముద్రంలో మన ఖుక్రీ మునిగి, కెప్టెన్ ముల్లాతో పాటు నూట తొంభైమందికి పైగా మనవాళ్ళు పోయారు. కరాచీలో కూడా ఎవరో నాలాంటివాడు ఒడ్డున కూర్చుని శనక్కాయలు తినే ఉంటాడు.

శత్రువుకు కూడా దండం పెట్టాలా అని మీరు అడగవచ్చు. మన ఇంటి పుస్తకమే దీనికి జవాబు చెబుతోంది. భారతంలో యుద్ధం ముగిసిన వెంటనే పట్టాభిషేకం లేదు. మధ్యలో స్త్రీపర్వం ఉంది. తిక్కనగారు దాన్ని మన భాషలో పెట్టారు. గాంధారి రణభూమిలో నడుస్తూ, తన కొడుకుల కోసమే గాక అభిమన్యుడి కోసం, ఉత్తర కోసం కూడా ఏడుస్తుంది. ధర్మరాజు రెండు పక్షాలవాళ్ళకూ దహనక్రియలు చేయిస్తాడు. అయినవాళ్ళెవరూ లేకుండా దూరదేశాల నుంచి వచ్చి పడినవాళ్ళను కూడా వదలడు. తరవాత గంగ ఒడ్డున తర్పణాలు ఇచ్చేటప్పుడు కుంతి ముందుకు వచ్చి, కర్ణుడికి కూడా నీళ్ళు వదలండి, అతను మీ అన్న అని చెబుతుంది. పద్దెనిమిది రోజులూ శత్రువని చూసినవాడు అన్న అని తెలిసేది గెలిచిన తరవాత, నీళ్ళు చేతిలోకి తీసుకున్న తరవాత. ధర్మరాజుకు గెలుపు చేదైపోయింది అక్కడే. ఈ కథ మనం వెయ్యిసార్లు విన్నాం. విని, కర్ణుడి గొప్పతనం గురించి వాదించుకున్నాం గాని, మన కర్ణులెవరని అడగలేదు.

భారతం మరీ దూరమనుకుంటే పల్నాడుకు రండి. కార్తీకమాసంలో కారంపూడిలో వీరారాధన జరుగుతుంది. పన్నెండో శతాబ్దంలో సవతి అన్నదమ్ములు కొట్టుకుని చచ్చిన యుద్ధం అది. వీరుల ఆయుధాలు బయటికి తీసి పూజచేస్తారు. ఇదిగో, ఇదే యుద్ధాన్ని పొగడడం అని నేను చాలాకాలం అనుకున్నాను. కాని ఆ అయిదు రోజుల పేర్లు చూడండి: రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు. యుద్ధానికి ముందు సంధికోసం వెళ్ళిన అలరాజు రాయబారానికి ఒక రోజు ఉంది. ఆ రాయబారంలో అతన్ని చంపేశారన్న సంగతి ఏటా తలచుకుంటారు. కోడిపందేనికి ఒక రోజు ఉంది. అంత నాశనమూ కోడిపందెం దగ్గరకు వెళ్ళి ఆగుతుందన్న సంగతిని వీరుల గుడి ముందే, వీరుల ఆయుధాల ఎదుటే చెప్పుకుంటారు. చదువురాని మన పల్లెజనం ఎనిమిది వందల ఏళ్ళుగా చేస్తున్నది ఇది. వీరుడికి మొక్కుతారు, కోడిపందెం సంగతి మాత్రం దాచరు.

నేను వెతుకుతున్న గీత ఇక్కడ దొరికిందనుకుంటున్నాను. ఏ స్మారకంలోనైనా, ఏ సభలోనైనా రాయబారానికి చోటు ఉందా, కోడిపందేనికి చోటు ఉందా అని చూడాలి. పోయినవాడి పేరు, వయసు చెబుతున్నారా, లేక అతన్ని అడ్డుపెట్టుకుని ఇంకేదో చెబుతున్నారా అని చూడాలి. అవతలివాడి తల్లి వచ్చి మూలన నిలబడితే ఆమెను నిలబడనిస్తారా అని చూడాలి. ఇవి ఉన్నచోట నేను సంకోచం లేకుండా చేతులు జోడిస్తాను. లేనిచోట ఎంత పెద్ద జెండా ఎగిరినా నాకు జంకుగానే ఉంటుంది. ఈ జంకు దేశద్రోహమని నేను అనుకోవడంలేదు. గల్వాన్‌లో 2020 జూన్‌లో చనిపోయిన మన సూర్యాపేట కల్నల్ సంతోష్ బాబును తలచుకుంటే ఇప్పటికీ గొంతు పూడుకుపోతుంది. ఆ గొంతుతోనే, తుపాకులు పేలని ఆ రాత్రి ఇరవైమంది ఎలా పోయారని అడగాలని కూడా ఉంటుంది. రెండూ ఒకే మనసులో ఉండవచ్చు. ఉండాలి కూడా.

మన సంఘానికి నాదొక చిన్న మనవి. ఏటా ఆగస్టు సంబరాల్లో మన పసిపిల్లలకు సిపాయి దుస్తులు తొడిగి, చేతికి చెక్క తుపాకీ ఇచ్చి, పాటకు గంతులేయిస్తాం. చప్పట్లు కొడతాం. నేనూ మావాడిని అలా ఎక్కించినవాణ్ణే. ఈసారి తుపాకీ బదులు ఒక కాగితం ఇద్దాం. ఆ పిల్లవాడు వేదికమీదికి వచ్చి, చనిపోయిన ఒక్క సిపాయి పేరు, ఊరు, వయసు చదివి దిగిపోనీ. మే ఆఖరి సోమవారం పొత్తులు కాల్చే ముందు ఒక పది నిమిషాలు ఆగుదాం. ఆ దేశం వాళ్ళ పేర్లు కొన్ని, ఈ దేశం వాళ్ళ పేర్లు కొన్ని చదువుదాం. చివర, పేరు తెలియని అవతలివాళ్ళకోసం ఒక చెంబెడు నీళ్ళు గడ్డిలో పోద్దాం. ఇది ఒప్పుకోనివారు ఉంటారని తెలుసు. వాళ్ళు నీళ్ళు పోయనక్కరలేదు. పక్కన నిలబడితే చాలు.

మా అబ్బాయి ప్రశ్నకు నేనింకా సరైన జవాబు చెప్పలేదు. వెళ్ళవద్దని చెబితే, మురళీ నాయక్‌కు నేను పంపిన జోహారు బూటకమవుతుంది. వెళ్ళమని చెప్పడానికి నోరు రాదు. ఒక రాత్రి వాడి గదిలోకి వెళ్ళి, నాకు తెలిసినంతవరకు ఉన్నదున్నట్టు చెప్పాను. "నువ్వు వెళతానంటే నాకు భయం. ఆ భయం ప్రతి సిపాయి తండ్రికీ ఉందని నాకు ఈమధ్యే తెలిసింది. ఇకమీదట ఏ యుద్ధానికైనా తల ఊపేముందు, నువ్వు అందులో ఉన్నావనుకుని ఊపుతాను" అన్నాను. వాడు ఏమీ అనలేదు.

బాబాయిగారు జూలైలో ఇండియా వెళ్ళిపోయారు. విమానాశ్రయంలో దిగబెట్టడానికి వెళ్ళినప్పుడు, ఆ శ్మశానంలో ఒక రాయి దగ్గర ఎందుకు ఆగారని అడిగాను. "పంతొమ్మిదేళ్ళు బాబూ" అన్నారు. సంచీ భుజానికి తగిలించుకుని లోపలికి నడిచారు.